స్టాపు దగ్గర రేసు పెంచాలి

ఈ ఉదయం పంజాగుట్ట మెట్రో స్టేషన్‌లో ఒక పావురం రెయిలింగ్ మీద వాలింది. ఎగిరి వచ్చినంతసేపూ రెక్కలు మెల్లగానే ఆడించింది... వాలే ముందు మాత్రం పటపటా కొట్టుకుంది. రైలు వచ్చి వెళ్లిపోయింది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

చిన్నప్పుడు, నేను ఏడో తరగతిలో ఉండగా... మా ఇల్లు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక సందులో. రెండు గదులు. నాన్న సిటీ బస్సు డ్రైవర్.

ఆ వానాకాలం నాన్నకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు. కాలు మెల్లగా కుదుటపడింది. ఎడమచెయ్యి మాత్రం రాలేదు. ఎవరిదో వస్తువు తన దగ్గర పెట్టి వెళ్లినట్టు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. తాకినా తెలిసేది కాదు. చొక్కా గుండీలు అమ్మే పెట్టేది. అంతసేపూ నాన్న గోడవైపు చూసేవాడు.

డాక్టర్ రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు.

"చిన్నపిల్లగాన్నా, బంతితోని ఆడనీకె?" అని నాన్న దాన్ని మంచం కిందకు నెట్టేశాడు.

నాన్న తమ్ముడు, మా శీను కాక, కంప్యూటర్లు రిపేరు చేసేవాడు. ఒక ఆదివారం పాత కంప్యూటరు, ఒక జాయ్‌స్టిక్, విడిగా ఒక లివర్ తెచ్చి బిగించాడు. తెర మీద హెలికాప్టర్.

"అన్నా, బస్సు ఎవడైనా నడుపుతడు. గిది నడిపి చూపియ్యి" అన్నాడు.

కుడిచేతికి జాయ్‌స్టిక్. ఎడమచేతికి లివర్... అది పైకి లేపితే రెక్కలకు బలం పెరుగుతుంది. కాక దాన్ని ఎందుకు తెచ్చాడో అందరికీ అర్థమైంది.

నాన్న ఎడమచెయ్యిని లివర్ మీద పెట్టి, దాని మీద నా చెయ్యి వేసేదాన్ని. నాన్న "పైకి" అంటే ఇద్దరం కలిసి లేపేవాళ్లం... అంటే, నేనే లేపేదాన్ని. కింద వేళ్లు కదిలినట్టు ఒక్కోసారి అనిపించేది. నా భ్రమేమో అనుకునేదాన్ని.

తోక తిప్పడానికి పెడల్స్ ఉండాలి. మాకు లేవు. కీబోర్డులో రెండు మీటలు ఆ పని చేసేవి. వాటిని అమ్మకు అప్పగించాం. అమ్మ ఒళ్లో చాట, చాటలో వెల్లుల్లి, మోకాలి పక్కన కీబోర్డు.

ఎగరడం తొందరగానే వచ్చింది. ఆగడమే రాలేదు.

ముందుకు పోతున్న హెలికాప్టర్‌ను గాల్లో ఒకేచోట నిలబెట్టాలి. వేగం తగ్గేకొద్దీ ఎదురుగాలి ఆసరా పోతుంది. తెర వణుకుతుంది. సరిగ్గా అప్పుడే బలం పెంచాలి. నాన్నకేమో ఏళ్ల తరబడి అలవాటు... స్టాపు వస్తుంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి రేసు వదిలేయాలి. వణుకు మొదలుకాగానే "దించు, దించు" అనేవాడు. దించేదాన్ని. గడ్డి మీద కూలేవాళ్లం.

"ఆగాల్నంటే రేసు ఇయ్యాల్నా? గిదేం బండిరా నాయినా!"

బలం పెంచిన రోజున ముక్కు కుడికి తిరిగిపోయేది. "ఎడమ, ఎడమ!" అని నాన్న అరిచేవాడు.

"నీ ఎడమనా, నా ఎడమనా? జర గుర్తన్న పెట్టియ్యరాదు?" అనేది అమ్మ, వెల్లుల్లి పొట్టు అంటిన వేళ్లతో మీటలు వెతుక్కుంటూ. మర్నాడు తన బొట్టుబిళ్ల ఒకటి తీసి ఎడమ మీటకు అంటించుకుంది.

వేగం చదివి చెప్పడం నా పని. బడిలో హాజరు పిలిస్తే నా గొంతు టీచరుకు వినపడేది కాదు. ఇంట్లోనూ అంతే.

"గట్టిగ చెప్పు బిడ్డా. కండక్టరే మాటలు మింగితె డ్రైవర్ ఏం జేస్తడు?"

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం. అప్పుడే వాన వెలిసింది.

"నలభై" అన్నాను, పక్కింటికి వినపడేంత గట్టిగా. "ముప్పై... ఇరవై..."

తెర వణికింది. నాన్న నోటిదాకా వచ్చిన "దించు" అక్కడే ఆగింది.

"పైకి" అన్నాడు.

లివర్ లేచింది. ముక్కు కుడికి తిరగబోయింది... ఎవరూ చెప్పకముందే అమ్మ బొట్టుబిళ్ల నొక్కింది. వణుకు తగ్గింది. కింద గడ్డి వెనక్కి జరగడం మానేసింది. హెలికాప్టర్ నిలబడింది... కొంచెం ఊగుతూ, కానీ ఉన్నచోటే.

నాన్న తెర మీంచి చూపు తిప్పలేదు. "బండి ఆగింది గద, హోల్డాన్ అనవేందే, కండక్టరమ్మా?" అన్నాడు.

అమ్మ లివర్ వైపు చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఎల్లిగడ్డ ఘాటు" అంది, ఒళ్లో వెల్లుల్లి చూపిస్తూ.

"ఉల్లిగడ్డకు గదనే నీళ్లొచ్చేది!" అని నాన్న నవ్వాడు. ఆ వానాకాలమంతా వినని నవ్వు.

నాన్న మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. డిపోలో వేరే పని ఇచ్చారు. గుండీలు మాత్రం తనే పెట్టుకుంటాడు... మెడ దగ్గరది ఒక్కటి తప్ప. ఆ సందులో ఇప్పుడన్నీ హాస్టళ్లు. మేం యూసుఫ్‌గూడకు వచ్చేశాం. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం మూడు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటాం. అప్పట్లో ఒక్క హెలికాప్టర్‌కు ముగ్గురం చాలేవాళ్లం కాదు.

ఇంటిల్లిపాదీ తలో చెయ్యి వేస్తే తప్ప నడవని వస్తువు మీ ఇంట్లోనూ ఏదైనా ఉండేదా? రాయండి... అన్నీ చదువుతాను.

ఆ సాయంత్రం "ఇరవై" అన్నప్పుడే నేను చెయ్యి తీసేశాను. లివర్ లేచినప్పుడు దాని మీద ఉన్నది నాన్న చెయ్యి ఒక్కటే.