నలభై తొమ్మిది ముద్ర చదివిన ఉస్తాద్

ఉస్తాద్ పోయాడని జనగామ బస్టాండులో తెలిసింది. "గా స్టవ్వుల ముసలాయన సచ్చిపోయిండట" అని చెప్పి తెలిసినాయన బస్సెక్కేశాడు. స్టవ్వుల ముసలాయనట! ఆయన్ని స్టవ్వుల దాకా దించినవాళ్ళే శవం మీద పెద్ద దండ వేసి, పొడికళ్ళు రుమాళ్ళతో తుడుచుకున్నారు. వాళ్ళ గురించి మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

మిలటరీ వర్క్‌షాపులో తుపాకులు బాగుచేసిన మనిషి ఆయన. తర్వాత స్టేషన్ రోడ్డులో రేకుల కొట్టు పెట్టి లైసెన్సుదారుల తుపాకులు చూసేవాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం ఊరేగింపుల్లో గొంతు పోగొట్టుకున్న నేను, నాలుగు కరపత్రాలు చదివి, ఆ కొట్టు ముందే సాయుధ పోరాటం మీద ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. ఆయన అంతా విని ఒకరోజు అడిగాడు: "తుపాకి మీద గిన్ని మాటలు చెప్తవు గదా బిడ్డా, ఎన్నడన్న దాన్ని సదివినవా?"

అలా చదవడం నేర్పాడు. గ్యాసునూనె గుడ్డతో తుడిచి, సుద్దపొడి రుద్ది, ఎండకు ఏటవాలుగా పట్టేవాడు. గుంటల్లో అక్షరాలు తెల్లగా తేలేవి. బాణం గుర్తుంటే అది సర్కారు సైన్యం సొత్తు. పక్కన కార్ఖానా ముద్ర, నంబరు. మరమ్మతుకు పోయివస్తే ఆ సంవత్సరం కూడా. రంగు కొత్తగా కనబడితే మాత్రం, దేన్ని దాస్తున్నరో ముందు చూడాలె అనేవాడు.

పెద్దవంగర దిక్కు ఒక ఊళ్ళో, రజాకార్లతో కొట్లాడి చనిపోయిన ఆరుగురు కూలీలకు రాయి నిలపాలనుకున్నారు. ఆ ఊరి దొర కొడుకు తన తండ్రి పేరు అందరికంటే పైన ఉండాలన్నాడు. రజాకారు చేతిలోంచి స్టెన్‌గన్ గుంజుకున్న వీరుడట ఆ తండ్రి! కమిటీ అధ్యక్షుడు వెంటనే తలూపాడు. దొర ముందు ఆయన తల అడ్డంగా తిరగడం నేనెప్పుడూ చూడలేదు. ఆరుగురిలో ఒకాయన భార్య, ముసలి అవ్వ, ఒక్కతే అడ్డం తిరిగింది. "మా ఇంటాయన పేరు ఆ దొర కింద చెక్కితే నేనే పలుగు వెట్టి కొడ్త" అంది.

రుజువుకని ఆ స్టెన్‌గన్‌ను ఠాణా జవానును వెంటబెట్టుకొని ఉస్తాద్ దగ్గరికి తెచ్చారు. కొత్త నల్లరంగు నిగనిగలాడుతోంది. ఆయన తుడిచి సుద్ద రుద్దాడు. బాణం తేలింది. దాని కింద మరమ్మతు ముద్ర, నలభై తొమ్మిది.

"దొరా, రజాకార్లు నలభై ఎనిమిదిలనే పోయిరి. గిది నలభై తొమ్మిదిల సర్కారు కార్ఖానల మరమ్మతైంది. మీ నాయిన ఎవని చేతులకెంచి గుంజుకున్నడు?"

గుంజుకున్నది లేదు. రైతుల పోరాటానికి పారిపోయిన ఆ తండ్రి పోలీసు చర్య తర్వాత గడీకి తిరిగొచ్చినప్పుడు, రైతుల మీదికి పట్టుకొమ్మని మిలటరీయే ఇచ్చిన తుపాకి అది. అధ్యక్షుడు గొంతు తగ్గించి, ముద్ర ఎంతుంది, జర రాకితే పోతదన్నాడు. ఉస్తాద్ ఆకురాయి తీసి ఆయన చేతిలో పెట్టాడు.

"నువ్వే రాకు సారూ. నాకు సదువుడే వచ్చు."

మైకు ముందు ప్రాణాలిస్తానన్న మనిషి ఆకురాయి పట్టలేక బల్ల మీద పెట్టేశాడు. ఉస్తాద్ చూసింది చూసినట్టు కాగితం మీద రాసి సంతకం చేశాడు.

మరుసటి ఏడు ఆయన లైసెన్సు తిరిగి రాలేదు. ఎందుకని అడిగితే చెప్పినవాడు లేడు. తుపాకులు పోయి స్టవ్వులు వచ్చాయి. నేను మండిపడి కరపత్రం వేద్దామంటే, ముందు ఆ పిన్ను అందుకొమ్మన్నాడు. ఏ స్టవ్వు వచ్చినా తిరగేసి, అడుగున ముద్ర చదివిన తర్వాతే విప్పేవాడు.

ఆయన్ని దహనం చేసి వచ్చిన మర్నాడు నేను ఆ ఊరికి పోయాను. రాయి మీద ఆరు పేర్లే ఉన్నాయి. అవ్వకు ఉస్తాద్ సంగతి చెప్పాను. ఆమె రాయి మీద చెయ్యి వేసింది. చదువు రాదు గనుక వేలితో వెతుక్కుంటూ పై అంచు నుంచి కిందికి తడిమింది. వేలికి మొదట తగిలిన అక్షరాలు భర్తవి. పైన నున్నటి రాయి, దాని మీద ఎండ. ఆమె చెయ్యి చాలాసేపు దొర పేరు లేని ఆ చోటే ఉంది.