ఆ దయ్యాల సినిమా మౌనికను భయపెట్టలేదు

మేం ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా బడంతా ఒకటే గోల... కెమెరా దయ్యాల సినిమా! ఎవరో ఇంట్లో కెమెరా పెట్టి వదిలేశారట, ఆ ఇంటివాళ్ళు చనిపోయాక అది పోలీసులకు దొరికిందట, అందులో ఉన్నదే సినిమాగా వేశారట... "ఖరంచ్ ఆహే", నిజంగా నిజం అని వెనక బెంచీ పిల్లలు మరాఠీలో గొంతు పట్టుకుని ఒట్లు వేసేవాళ్ళు. అంతా నిజమేనట... నటించినవాళ్ళే లేరట.

మాది చంద్రపూర్ దగ్గర బొగ్గు గని కాలనీ. మా వరుసలో చాలావరకు తెలంగాణ నుంచి గని పనికి వచ్చిన కుటుంబాలే. మా పక్క క్వార్టర్‌లో రాజన్న మామ, పద్మత్త, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మౌనిక. నేనూ మౌనికా ఒకే క్లాసు.

ఆ ఏడాది వానాకాలంలోనే పద్మత్త కామెర్లతో చనిపోయింది. పొద్దున జీపులో చంద్రపూర్ ఆస్పత్రికి తీసుకెళ్తుంటే మౌనిక బడిలో పరీక్ష రాస్తోంది. సాయంత్రం జీపు తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది... తల్లీకూతుళ్ళ మధ్య చివరి మాటంటూ ఏమీ లేదు.

అందుకేనేమో... సినిమా కబురు విని మేమంతా వణుకుతుంటే, మౌనిక మాత్రం బడి నుంచి వస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిజంగనేనటనా? సచ్చిపోయినోళ్ళు ఇంటికి మల్లస్తరటనా?"

మా అన్నను అడుగుదామన్నాను.

మా అన్న అప్పుడు చంద్రపూర్‌లో డిప్లొమా చదివేవాడు. దసరా సెలవుల్లో ఆ సినిమా మొదటి భాగం పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం... కిటికీలకు అమ్మ పాత చీరలు కట్టి, గది చీకటి చేసి, ఇంట్లో ఉన్న డబ్బా కంప్యూటర్ ముందు కూర్చున్నాం.

ఖాళీ గది. మంచం. చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత తలుపు కొంచెం కదులుతుంది... అంతే. మళ్ళీ ఖాళీ గది. నాకు ఆవులింతలు మొదలయ్యాయి. భయపడదామని కూర్చుంటే ఇదేం సినిమారా అనిపించింది.

మౌనిక మాత్రం తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా జరిగింది. అందులో గుసగుస లాంటి చప్పుడు వచ్చినప్పుడల్లా "అన్నా, వెనక్కి జరుపవా" అని మళ్ళీ పెట్టించుకుని, స్పీకర్‌కు చెవి ఆనించేది.

సినిమా అయిపోయింది. "గింతేనా?" అంది.

"ఏమే, భయం గాలేదా?" అని నవ్వాడు అన్న.

"భయం గాదన్నా... అది మాట్లాడదేంది? ఇంట్లున్నోళ్ళను పేరు పెట్టి పిలుస్తలేదేంది?"

రెండో భాగంలో ఉంటుందేమోనని అన్న వెంటపడి తెప్పించుకుంది. అందులోనూ లేదు... దీపావళికి మూడోది వచ్చింది. అదే గది, అదే తలుపు. నేను సగంలోనే నిద్రపోయాను. లేచి చూస్తే మౌనిక ఇంకా అట్లాగే, రెప్ప వేయకుండా కూర్చుని ఉంది.

అన్నకు ఆమె మనసులో ఏముందో తెలియదు. ఆటపట్టించడానికే అన్నాడు. "పిచ్చిదానా, గివన్నీ ఉత్తయే. తలుపుకు దారం గట్టి గుంజుతరు. జూడు గిది." సినిమా ఎట్లా తీశారో చూపించే వీడియో ఒకటి పెట్టాడు.

అందులో... సినిమాలో చచ్చిపోయిన ఆడమనిషి కుర్చీలో కూర్చుని టీ తాగుతూ నవ్వుతోంది.

"గామె సచ్చిపోలేదా?" అంది మౌనిక.

"ఎందుకు సస్తదే? యాక్టింగ్ గద."

మౌనిక ఆ నవ్వును చాలాసేపు చూసింది. "మంచిగనే ఉన్నది..." అని మెల్లగా లేచి వెళ్ళిపోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను... ఏడవలేదు.

సాయంత్రం ఆటకు పిలుద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. పద్మత్త రోజూ స్నానానికి వెళ్తూ గోడ అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళలు అన్నాళ్ళూ అట్లాగే ఉండేవి, రాజన్న మామ కూడా ముట్టుకోలేదు. మౌనిక వాటిని ఒక్కొక్కటే గోరుతో గీకి తీస్తోంది.

"ఏం జేస్తున్నవే?"

"అద్దంల మొఖం గనిపిస్తలేదు" అంది, నా వైపు చూడకుండా.

ఆ తర్వాతి ఎండాకాలమే రాజన్న మామ ఆమెను గోండ్‌పిప్రిలో మేనత్త ఇంట్లో ఉంచాడు. పదో తరగతితో చదువు ఆగిందని, పెళ్ళయిందని విన్నాను. తర్వాత కబుర్లు కూడా ఆగిపోయాయి...

మొన్న గోండ్‌పిప్రి బస్టాండులో కనిపించింది. చంకలో కూతురు. ఆ పిల్లకు తెలుగు రాదట, అన్నీ మరాఠీలోనే. మాటల మధ్య ఆ సినిమా కొత్త భాగం వచ్చిందని చెప్పాను.

"అండ్ల ఏముంటదే... ఖాళీ ఇల్లే గద" అంది.

పిల్లను ఇంకో చంకకు మార్చుకుంటూ అడిగింది. "మా అమ్మ గొంతు నీకు యాదికున్నదా? నాకు యాదికొస్తలేదు. ఎంత జేసినా వస్తలేదు."

నేను కళ్ళు మూసుకుని వెతికాను. పద్మత్త నడక గుర్తుంది, పచ్చ గాజులు గుర్తున్నాయి, నా పళ్ళెంలో వడ్డించిన చేపల పులుసు గుర్తుంది... ఆమె గొంతు మాత్రం గుర్తు రాలేదు.

"లేదే" అన్నాను.

తల ఊపింది. బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఎవరి ఫోన్ తెరిచినా అమ్మలు నవ్వుతూ, తిడుతూ, పిలుస్తూ ఉంటారు... అప్పుడు మా వరుసలో ఎవరి దగ్గరా అలాంటి ఫోన్ లేదు. పద్మత్తవి మిగిలినవి పెళ్ళి ఫోటోలు మాత్రమే.

ఆ రోజుల్లో మా కాలనీలో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే... ఆమె ఎట్లా మాట్లాడేదో, మౌనికను ఏమని పిలిచేదో గుర్తుంటే కింద రాయండి. ఎవరికీ గుర్తుండదనే అనుకుంటున్నాను... అయినా అడుగుతున్నాను.