మాజీ మంత్రిని ఒక్క మాట అడగడానికి సింగపూర్ వెళ్లాను

హైదరాబాద్ అమీర్‌పేటలో సందుకో కంప్యూటర్ కోచింగ్ వెలిసిన రోజుల్లో నేను సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫ్రెంచ్ నేర్పడం మొదలుపెట్టాను. పాఠాల కోసం పారిస్ పత్రికలు తిరగేస్తూ అక్కడి వామపక్ష నాయకుడొకడికి అభిమానినయ్యాను. లాయరుగా మొదలై ఆర్థిక మంత్రి అయినవాడు. మూతపడే ఫ్యాక్టరీల గేట్ల ముందు కార్మికులతో కలిసి నిలబడి, సొంత ప్రభుత్వంతోనే తగవుపడి పదవి పోగొట్టుకున్నాడు. ఆయన సింగపూర్‌లో మాట్లాడబోతున్నాడని అక్కడే బెడోక్‌లో ఉండే నా స్నేహితుడు శ్రీను ఫోన్ చేశాడు. వాడు పనిచేసే ఫ్రెంచ్ కంపెనీ అక్కడి ఆఫీసు ఎత్తేస్తోందట.

"నువ్వొచ్చి వాళ్ల భాషలో అడగరా బాబూ. ఆయనొక్క మాటంటే మావోళ్లు ఆగుతారు. ఉద్యోగం పోయి వర్క్ పాస్ క్యాన్సిలైతే ఇక్కడ ఉండనివ్వరు, పిల్లని స్కూల్ మధ్యలో ఎక్కడికి తీసుకెళ్లను?"

రాత్రి విమానానికి చెన్నై మీదుగా వెళ్లి పొద్దున్నే దిగాను. బెడోక్ హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాల సముదాయంలో, కాఫీ పోసిన తెలుగు అంకుల్ మమ్మల్ని వదల్లేదు. "ముందు మకాన్, అదే తిండి, కానీండి. ఖాళీ కడుపుతో పెద్దోళ్లని ఏం అడుగుతారు?" అన్నాడు. తిని, సిటీ హాల్ స్టేషన్‌కు రైలెక్కాం; అరగంట లోపే చేరాం. ఆయన మాట్లాడే హోటల్లో శ్రీను అలవాటు కొద్దీ ముందు వరస కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసి, అంటే అక్కడి పద్ధతిలో సీట్లు ఆపి, బాత్రూమ్‌కు నడిచాడు, నేనూ వెంట వెళ్లాను. వచ్చేసరికి ప్యాకెట్లు చెత్తబుట్టలో, కుర్చీల్లో బ్యాంకు పెద్దలు. మేం కూర్చున్న వెనక వరసకు ప్రశ్నలడిగే మైకు రానేలేదు.

చివరికి లిఫ్టు దగ్గర పట్టుకున్నాం. నా ఫ్రెంచ్ విని ఆయన ఆగాడు. శ్రద్ధగానే విన్నాడు. "పని ఏ దేశానికి వెళ్తోంది?" అని అడిగాడు. నేను తెలుగులో శ్రీనును అడిగాను.

వాడు నేల చూశాడు. "హైదరాబాద్‌కేరా. చెప్తే నువ్వు రావేమోనని..."

ఆ మాట ఫ్రెంచ్‌లో చెప్పగానే ఆయన కళ్లు మెరిశాయి. "అక్కడ ఫ్రెంచ్ వచ్చినవాళ్లు దొరుకుతారా?"

"దొరుకుతారు. నేనే నేర్పుతున్నాను."

ఇప్పుడు కంపెనీలకు సలహాలిస్తున్నానంటూ నా చేతిలో కార్డు పెట్టి లిఫ్టెక్కాడు.

"ఏవన్నాడ్రా?" అన్నాడు శ్రీను.

"పదవిలో లేడటరా" అన్నాను. కార్డు సంగతి వాడు అడగలేదు.

తిరుగు రైల్లో ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. సోమవారం నాకు కొత్త బ్యాచ్ ఉంది; శ్రీను పని వెళ్లేది అలాంటి నా శిష్యుల దగ్గరికే. సిగ్గేసింది, అయినా పాఠం మానేస్తానని అనుకోలేదు. ఇలా ఎవరి తరఫునైనా దుబాసీగా బయలుదేరేవాళ్లు టికెట్టు కొనకముందే మొత్తం సంగతి చెప్పించుకోండి. మనతో చెప్పనిది మన గురించే కావచ్చు.