హౌజులో నా పక్కన ఎవరున్నారు?

మా హుస్నాబాద్‌లో ఎవరికైనా గాలి సోకిందని వేపకొమ్మలతో కొడుతుంటే ఆ ఇంటి ముందుకు పోయి నవ్వి వచ్చినవాణ్ణి నేను. దయ్యాన్ని చూశానన్నవాణ్ణి, అది ఏ రంగు చీర కట్టిందో చెప్పమని నిలదీసేవాణ్ణి. ఇప్పటికీ నాకు వాటిమీద నమ్మకం లేదు. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మేము నేతపనివాళ్ళం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాలుగైదేళ్ళకు, నాకు ముప్పై నిండబోతున్నప్పుడు, ఒక ఉదయం గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్నాను. నేత మొదలుపెట్టానో లేదో గుండె ఎగిరెగిరి కొట్టుకుంది. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. పాకుతూ వాకిట్లోకి వచ్చి పడ్డాను. కాసేపటికి తగ్గింది.

మర్నాడూ అంతే. తర్వాత గుంటను చూస్తేనే దడ. తలుపు మూస్తే దడ. చివరికి దడ వస్తుందేమోనని దడ.

ఆరు నెలలు అట్లా గడిచాయి. నా భార్య లచ్చవ్వ పొరుగు మగ్గాలకు కండెలు చుట్టి నన్ను కన్న అవ్వకు, మూడేళ్ళ బిడ్డకు, నాకు తిండి పెట్టింది. అంత కష్టపడి వచ్చిన మనిషిని నేను పడుకోనిచ్చేవాణ్ణి కాదు. కన్ను మూస్తే పోతానని భయం. ఆమె చెయ్యి నా ఛాతీమీద పెట్టుకొని, "కొట్టుకుంటుందా చూడవే" అనేవాణ్ణి. ఆమెకు కునుకు పడితే కదిపి లేపేవాణ్ణి. రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

కరీంనగర్ డాక్టరు గుండెలో ఏమీ లేదన్నాడు. అవ్వ కట్టించిన తాయెత్తు కూడా ఏమీ చేయలేదు. అప్పుడు మా అన్న ఒక మాట విని వచ్చాడు. ఖానాపూర్‌లో ఒక ముసలి హకీం ఉన్నాడట, మనిషిని ఉప్పునీళ్ళలో పండబెట్టి గాబరా తగ్గిస్తాడట.

బస్సు దగ్గర లచ్చవ్వ రొట్టెల మూట చేతికిచ్చి అంది: "నయమై రా. నాతోని ఇగ కాదు."

నేను ఆ మాట విన్నాను గానీ పట్టించుకోలేదు. ఊపిరి లెక్కబెట్టుకుంటున్నాను.

హకీం ఇల్లు పాతది. వెనక కిటికీ లేని గది. అందులో గచ్చుతో కట్టిన హౌజు, అంటే మనిషి పొడవున్న నీళ్ళ తొట్టి. లోతు మోకాలి దాకా. వెడల్పు ఎంతంటే, అందులో పడుకుంటే నా రెండు మోచేతులూ రెండు గోడలకు తగిలేవి. ఇది గుర్తుంచుకోండి. కాగులో కాచిన నీళ్ళు పోసి, బస్తాలకొద్దీ దొడ్డుప్పు కలిపేవాడు. మనిషి తనంతట తానే తేలిపోవాల్సిందే. చెవుల్లో మైనం పూసిన దూది పెట్టి, తలుపు మూసి, సందుల్లో గోనెపట్టాలు కుక్కేవాడు. మధ్యాహ్నం నమాజు కాగానే లోపలికి పంపి, మళ్ళీ సాయంత్రం నమాజుకు ముందు తీసేవాడు. చీకటంటే అంత చీకటి నేను ఎన్నడూ చూడలేదు. కళ్ళు తెరిచానో మూశానో తెలిసేది కాదు.

మొదటిరోజు లోపల ఎంతసేపున్నానో తెలియదు. తలుపు విరగ్గొట్టుకొని బయటపడ్డంత పని చేశాను. రెండోరోజూ అంతే. మూడోరోజు హకీం కాళ్ళు పట్టుకొని ఏడ్చాను. "ఏదన్న మందు తాగిపియ్యి సాబ్. తగ్గేదైతే తగ్గుతది, లేకపోతే పాణం పోతది" అన్నాను.

ఆయన నా పక్కన కూర్చున్నాడు. "చూడు బేటా. నువ్వు నీళ్ళల్ల పండుకుంటలేవు, నీళ్ళతోని కొట్లాడుతున్నవ్. మెడ ఇడిచిపెట్టు. చేతులు కొట్టకు. నీళ్ళు మోస్తయి, నువ్వు మోయకు."

ఆ తర్వాత కొద్దికొద్దిగా ఉండగలిగాను. అయినా దడ పోలేదు. నా గుండె చప్పుడు నీళ్ళలోంచి చెవులకు డోలు కొట్టినట్టు వినపడేది. ఇది కూడా కుదరకపోతే ఇంటికి పోయి ఏ ముఖం చూపించాలనే ఆలోచన ఒక్కటే.

ఏడోరోజు సోమవారం. లోపలికి పోయి పడుకున్నాను. కొంతసేపటికి నా ఎడమ భుజం చల్లబడింది. నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి, ఆ ఒక్కచోటే చల్లగా ఉంది. నాచు వాసన వచ్చింది. తర్వాత, చెవుల్లో దూది ఉండగానే, పక్కన ఎవరో ఊపిరి తీసుకోవడం వినపడింది. నీళ్ళు మింగుతూ, ఎగబీలుస్తూ, అందక కొట్టుకుంటున్న ఊపిరి. నాకు దడ వచ్చినప్పుడు ఎట్లా తీస్తానో అట్లాగే.

భయపడి లేవాల్సినవాణ్ణి. లేవలేదు. ఎందుకో నాకంటే ఎక్కువ భయపడుతున్న మనిషి పక్కనుందనిపించింది. హకీం నాకు చెప్పిన మాటలే నేను పైకి అన్నాను. "మెడ ఇడిచిపెట్టు. చేతులు కొట్టకు. నీళ్ళు మోస్తయి, నువ్వు మోయకు." ఎన్నిసార్లన్నానో తెలియదు. ఆ ఊపిరి మెల్లమెల్లగా నిమ్మళించింది. భుజం దగ్గర చలి పోయింది.

హకీం తలుపు తీసినప్పుడు నేను ఏడుస్తున్నాను. లోపలికి ఇంకెవరు వచ్చారని అడిగాను. ఆయన హౌజు వైపు చూపించి, "ఇద్దరు పడతరా ఇందుల?" అన్నాడు. నా చేతికి పొడిబట్ట ఇచ్చి, "ఇంటికి పో బేటా" అన్నాడు. ఎందుకు పొమ్మన్నాడో చెప్పలేదు.

మంగళవారం బయల్దేరి పొద్దుగూకేవేళకు ఇల్లు చేరాను. లచ్చవ్వ గొంగడి కప్పుకొని పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. అరచేతులు గీరుకుపోయాయి.

"సోమారం నీళ్ళకు పోయి మోటబాయిల పడ్డది బిడ్డా. దేవుడే కాపాడిండు" అంది అవ్వ.

మాకున్నవి రెండు బిందెలు. ఒకటి ఇంట్లో నీళ్ళ గోలెం దగ్గర, రెండోది అర్రలో బోర్లించి ఉంది. చేదతాడు కొయ్యకు వేలాడుతోంది.

అవ్వ బయటికి పోయాక లచ్చవ్వ నాకేసి చూడకుండానే అంది: "నేను నీళ్ళకు పోలే."

"ఎరికే" అన్నాను.

"పడ్డంక సావబుద్ధి కాలే. బిడ్డ యాదికొచ్చింది. ఈత రాదాయె. గోడలు పట్టుకుందామంటె జారుతున్నయ్. మునిగి తేలుతుంటె పక్కపొంటి ఎవలో మొగాయన మాట్లాడిండు. మెడ ఇడిచిపెట్టుమన్నడు. చేతులు కొట్టకన్నడు. నీళ్ళే మోస్తయన్నడు. గట్లనే చేసిన. తేలిన."

నేను ఖానాపూర్ నుంచి ఉత్తరం రాయలేదు. హకీం వైద్యం ఎట్లా ఉంటుందో వెళ్ళేముందు నాకే తెలియదు.

"నా గొంతేనా?" అన్నాను.

ఆమె ఆలోచించింది. "కాదు. నీ గొంతు ఎప్పుడు వణుకుతనే ఉంటది. గాయన నిమ్మళంగ మాట్లాడిండు."

అప్పుడు హౌజు సంగతంతా చెప్పాను. ఆమె నా చెయ్యి తీసుకొని గొంగడి కింద పెట్టుకొని పడుకుంది. ఆరు నెలల్లో మొదటిసారి ఆమెను లేపకుండా తెల్లారేదాకా కూర్చున్నాను.

ఇంతటితో అయిపోతే, భార్యాభర్తల ప్రేమ అట్లా పనిచేసిందని నన్ను నేను ఒప్పించుకునేవాణ్ణేమో. కానీ రెండు రోజుల తర్వాత ఆమెను పైకి తీసిన రైతు ఎల్లయ్యకు దండం పెట్టడానికి పోయాను. ఎప్పుడు చూశావని అడిగాను.

"పొద్దుగాల్నే. సద్ది తిని మోటకు ఎడ్లను కట్టవోయిన. అప్పటికే ఎల్లెల్కల పడి తేలుతున్నది. మోకు ఏసి గుంజినం" అన్నాడు.

మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆయన మాట మారలేదు. అవ్వ కూడా అదే చెప్పింది. సోమవారం మిట్టమధ్యాహ్నానికి లచ్చవ్వ ఇంట్లో, కుంపటి పక్కన, అవ్వ చేతి గంజి తాగుతోంది. నేను హౌజులోకి దిగింది ఆ తర్వాత.

నేనింకా అనని మాటలు ఆమె పొద్దున్నే ఎట్లా విన్నదో, ఆమె గంజి తాగుతున్న వేళ నా పక్కన ఊపిరాడక కొట్టుకున్నది ఎవరో నాకు తెలియదు.

దడ ఒక్కసారిగా ఏమీ పోలేదు. నెలకోసారో రెండుసార్లో వచ్చేది. వచ్చినా మగ్గం దిగేవాణ్ణి కాదు, ఆమెను లేపేవాణ్ణీ కాదు. ఇల్లు చేరిన మర్నాటినుంచి ఇంటికి నీళ్ళు నేనే మోశాను. నేతవాడు బిందె మోస్తున్నాడని మా వాడకట్టంతా నవ్వింది.

ఖానాపూర్‌కు మళ్ళీ పోలేదు. హకీంను అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన ఇంటికి పొమ్మన్నది దేనికో తెలుసుకోవడానికి ధైర్యం చాలలేదు.