బంద్ రోజు నిండిన గళ్ళు

ఆ రోజుల్లో కలకత్తాలో మనిషి గౌరవం జీతాన్నిబట్టి వచ్చేది కాదు. ఇంగ్లీషు పేపర్లో వచ్చే తిరకాసు క్రాస్‌వర్డ్‌ని పెన్నుతో నింపగలడా లేదా అన్నదాన్నిబట్టి వచ్చేది. (కనీసం భవానీపూర్లోని మా ఆఫీసులో అంతే.) మా హెడ్డు గుమాస్తాని అందరం బొడొబాబు అనేవాళ్ళం. ఆఫీసుకొచ్చే ఒక్కగానొక్క పేపరూ టిఫిన్ వేళ దాకా ఆయన సొత్తు. కిటికీ పక్క బల్ల దగ్గర ఆయనతో కూర్చుని టీ తాగే అర్హత, ఒక్కసారైనా క్రాస్‌వర్డ్ పూర్తిగా నింపినవాళ్ళకే. ఉద్యోగంలో చేరి ఏడాదైనా నేను గుమ్మం దగ్గర నిలబడే తాగుతున్నాను. పెన్సిల్ తీస్తే చాలు, "ఏం బాబా, బొమ్మలేస్తావా?" అని నవ్వేవారాయన. అప్పట్లో నాకు ఆ కుర్చీ మీదున్న మోజు పెళ్ళి మీద కూడా లేదు.

ఓ బంద్ నాడు బస్సుల్లేవు, ట్రాముల్లేవు, ఆఫీసు మూత. సందు చివర పేపరు కొనుక్కొచ్చి, నేనుండే మావయ్య ఇంట్లోనే పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి సగం కూడా కాలేదు.

"ఏటిరా, అన్నం సల్లారిపోతంది. ఆ గళ్ళల్లో ఏటున్నాదని అలా సూత్తన్నావు?" అంది అత్త.

"ఇంకో పదిహేడున్నాయి అత్తా!"

"అవెక్కడికీ పోవులే, లేసి తిను!"

సాయంత్రానికి ఆఖరి గడి నిండింది. ఆనందం పట్టలేక అత్త కాళ్ళకి దణ్ణం పెట్టేశాను. ఆవిడ హడలిపోయి నా నుదుటి మీద చెయ్యేసి చూసింది.

మర్నాడు కాలరెగరేసుకుంటూ వెళ్ళి బొడొబాబు ముందు పేపరు పరిచాను. ఆయన దాన్ని చూసి, పక్కనున్న ఆనాటి పేపరు కేసి చూశారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నిన్నటి జవాబులు ఇవాళ అచ్చేస్తారని! "బాః! ట్రాములో కూర్చుని కాపీ కొట్టేశావా?" అన్నారు. ఆఫీసంతా గొల్లుమంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"లేదు బొడొబాబూ, మా అత్త సాక్షి!" అన్నాను. ఇంకా నవ్వారు. (అత్తకి ఇంగ్లీషు అక్షరమ్ముక్క రాదని అంతకుముందు వారమే నోరు జారి చచ్చాను.)

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్క జవాబే పోల్చడం మొదలుపెట్టారు. చివరి వరసలో వేలు ఆగింది. "ఇది తప్పు," అన్నారు. ఆ కుర్చీ కాస్తా పోయిందనుకున్నాను.

"కాపీ కొట్టేవాడు తప్పెందుకు రాస్తాడు? అదీ పెన్నుతో, ఇంత ధీమాగా!" అంటూ ఆయనే లేచి కుర్చీ లాగారు. "బోషో, బోషో. కూర్చో."

ఆ టీలో పంచదార మరీ ఎక్కువైంది. అయినా అంత మంచి టీ మళ్ళీ తాగలేదు.

రిటైరయ్యాక కూడా రోజూ నింపుతూనే ఉన్నాను, పెన్నుతోనే. పూర్తయిన రోజున గొప్పగా మా ఆవిడకి చూపిస్తాను. "జవాబులు చూసి రాశారా ఏమిటి?" అంటుంది. అంతే, ఈ వయసులో కూడా ఆవిడ చేతిలోంచి పేపరు లాక్కుంటాను. ఎక్కడైనా ఒక్క తప్పు దొరక్కపోతుందా అని ఆశగా గళ్ళన్నీ వెతుక్కుంటాను.