దసరా ఫోటోలో తొమ్మిదో మనిషి

నా చిన్నప్పుడు, సూరత్ గోడాదరాలో, తెలుగు నేతపనివాళ్ల వాడలోని మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఒక నలుపు తెలుపు ఫోటో ఉండేది. దసరా పూజకు బంతిపూల దండ వేసిన సాంచా, అంటే మరమగ్గం, దాని ముందు తొమ్మిది మంది. ఎడమ నుంచి మూడో మనిషి మా ముత్తాత. అలాంటి ఫోటో ఇంకెవరింట్లోనూ లేదని నా గర్వం.

నేను ఆరో తరగతిలో ఉండగా ఎదురింటి పిల్లవాడు మా నాయనమ్మను అడిగి దాన్ని తీసుకెళ్లి, పెద్దగా జిరాక్సు తీయించి, బడి ప్రదర్శనలో చార్టు మీద అతికించాడు. మొదటి బహుమతి వాడికే. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆ చార్టు దగ్గరికి కూడా పోలేదు. బహుమతి వెనక్కి తీసుకోవాలని హెడ్‌మాస్టరుకు ఫిర్యాదు రాశాను. ఒకటి, ఫోటో మాది. రెండు, అందులో ఉన్నది మా ముత్తాత. మూడు, నన్ను అడగలేదు. ఇలా ఏడు అంశాలు.

లా చదువుతున్న పక్కింటి అక్కకు చూపించాను.

"ఏందిరా, దావా ఏస్తున్నవా?" అని నవ్వింది. "గిన్ని రాసినవ్, ఫోటో తీసినాయన ఏడి?"

ఆయన సంగతే నాకు ఎప్పుడూ తోచలేదు. అక్క ఫ్రేము విప్పించింది. అట్ట వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉన్నాయి. తీసి అరవై ఏళ్లు దాటింది. కాపీలు తీసే హక్కు మొదట తీసినాయనదో, డబ్బిచ్చి తీయించినవాళ్లదో అవుతుందనీ, దానికీ ఒక గడువుంటుందనీ, ఈ ఫోటోకి ఆ గడువు ఎప్పుడో తీరిందనీ చెప్పింది.

"గోడకున్న కాయితం మీది. బొమ్మ అందరిది."

"అందరిదైతే వానికే బహుమతెందుకు?"

"పోయి వాని చార్టు చదువు జర."

మర్నాడు చదివాను. వాడు రోజూ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి, ఎనిమిది మంది పేర్లు, ఊళ్లు కనుక్కుని రాశాడు. తొమ్మిదో మనిషి కింద 'తెలియదు' అని ఉంది. రోజూ ఆ ఫోటో కిందే అన్నం తిన్న నాకు తెలిసింది ఒక్క పేరు. ఫిర్యాదు చించేశాను. వాడి దగ్గరికి వెళ్లి పేర్లు అడగడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

ఇప్పుడు నేను సూరత్ పక్కనే హజీరాలో ఫ్యాక్టరీ ఇంజనీరును. ఏ పాత ఫోటో చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పుతాను. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, ఎవరెవరున్నారు. ఈర్ష్య పోయిందంటే అబద్ధం. ఆ తొమ్మిదో పేరు ఇంకా వెతుకుతూనే ఉన్నాను, వాడికంటే ముందు నాకే దొరకాలని. దొరికిన రోజు మొదట చెప్పేది మాత్రం వాడికే.