కాంచనక్క వయసు

తమిళనాడులో తిరుత్తణి పక్కన మగ్గాల ఊరు మాది. 1979లో మా వీధి ఆడవాళ్ళకు చదువు చెప్పమని సర్కారు లోకనాథం అనే కుర్ర అయ్యవారిని పంపింది. మధ్యాహ్నం కండెలు చుట్టే పని కాగానే తరగతి, నేనూ పోయేదాన్ని. మా పక్కింటి కాంచనక్క అందరికంటే ముందే పోయి కూర్చునేది.

రెండో నెలలో ఒకరోజు గోడమీది బోర్డును కూడబలుక్కుని చదివింది. ‘ముదియోర్ కల్వి.’ పెద్దవాళ్ళ చదువుకు అరవంలో సర్కారు పెట్టిన పేరది. మాటకు అర్థం చూస్తే ముసలివాళ్ళ చదువు.

పలక కింద పెట్టేసింది.

“అయ్యోరా, ఈడ ముసిలోళ్ళు ఎవురు?”

“అది సర్కారు మాట అక్కా. పదిహేనేండ్లు దాటినోళ్ళంతా దాంట్లోకే వస్తారు.”

“పదిహేనుకే ముసిలోళ్ళా? పన్నెండేండ్లకు మా నాయన ‘పెద్దదైపోయినావు, బడి చాల్లే’ అని మాన్పిస్తే, నేర్చిన నాలుగు అక్షరాలూ మర్చిపోతిని. ముప్పైరెండుకు మీరు ముసిల్దాన్ని చేస్తిరి. నడుమ నా వయసు యాడికి పోయింది?”

“పోనీ, వయసుకొచ్చినోళ్ళ చదువని రాద్దామా?” అన్నాడు లోకనాథం.

ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మాలో ఆ మాట సమర్తాడిన పిల్లకు వాడతారు. కాంచనక్క మాత్రం నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

బోర్డు మారలేదు గానీ ఆమె మానకుండా వచ్చింది. ఆరో నెలకు ఇంట్లో రేషన్ కార్డు తీసి చదివింది. అంకెలు ముందే తెలుసు, పేర్ల పక్కనుండే గడి వయసుదని అప్పుడే తెలిసింది. మొగుడు తణికాచలానికి నలభై. ఆమెకు యాభై!

మరునాడు బస్సెక్కి తాలూకా ఆఫీసుకు పోయింది. తోడు నేనూ పోయినాను.

యాభై తప్పని ఆమె కార్డు చాపితే, గుమాస్తా తలెత్తకుండానే, “ఏం, వయసు తగ్గించుకోవాల్నా?” అన్నాడు.

“తగ్గించుకునేదానికి రాలేదు సామీ. నా ముప్పైరెండు నాకు రాసియ్యి.”

“పుట్టిన తేదీ కాగితం యాడ?”

“యాభై అని రాసినప్పుడు ఏ కాగితం చూసినారు?”

వరసలో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. ఆయన మొహం ముడుచుకుని, ఎర్రసిరాతో యాభై కొట్టేసి ముప్పైరెండు వేసి, ముద్ర గుద్ది కార్డు విసిరినట్టు ఇచ్చాడు. వెనకవాళ్ళు గొణుగుతున్నా కదలకుండా, కాంచనక్క ఆడనే నిలబడి కార్డంతా పైకి చదివింది.